నేలమాళిగలో రికార్డింగు: యంత్రమెవరిది, గొంతెవరిది?

మా పట్టణంలోని యువకుల పాటల బృందం ఒకటి తన మొదటి ఆల్బం తయారు చేసుకోవాలని నిశ్చయించుకుంది. ఎనిమిది పాటలు సిద్ధంగా ఉన్నాయి. చందాలు కూడా కొంతవరకు పోగయ్యాయి. గత నెల మా శాఖ సమావేశంలో వారు ఒక ప్రతిపాదన తెచ్చారు. స్టూడియోకు వెళ్ళరట. కంప్యూటరు ముట్టుకోరట. పాతకాలపు టేపు యంత్రం ఒకటి కొని, బృందంలో ఒకరి ఇంట్లో, దానిమీదనే ఆల్బమంతా రికార్డు చేస్తారట. కంప్యూటరు మీద చేసేది కంపెనీ సంగీతమనీ, ఇంట్లో టేపు మీద చేసేది ప్రజల సంగీతమనీ వారి వాదన. ఇది విని పెద్దవారొకరు లేచి, ఇదంతా పాశ్చాత్య దేశాల మధ్యతరగతి కుర్రకారు సరదా అనీ, మన సాంస్కృతికోద్యమానికి దీనితో పనిలేదనీ తోసిపుచ్చారు. సమావేశం అక్కడితో ముగిసింది. సమస్య మాత్రం ముగియలేదు.

ఈ రెండు వాదనలూ నాకు సమ్మతం కావు. మొదటిది యంత్రానికి లేని గుణాన్ని అంటగడుతున్నది. రెండవది యంత్రానికి ఉన్న చరిత్రను చూడ నిరాకరిస్తున్నది. ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది అర్థశాస్త్రంలో ఎంత ముఖ్యమైన ప్రశ్నో కళారంగంలోనూ అంత ముఖ్యమైన ప్రశ్న. దానిని సరదా అని కొట్టివేయడం అభ్యుదయ దృక్పథం అనిపించుకోదు. అయితే సాధనం చేతికి వచ్చినంత మాత్రాన కళ ప్రజల పక్షం చేరుతుందా? ఇది విడిగా పరిశీలించవలసిన విషయం.

యువమిత్రులు తమ వాదనకు ఆధారంగా అమెరికా నుంచి మూడు ఆల్బంలను పేర్కొన్నారు. 1976లో వచ్చిన బోస్టన్ బృందం మొదటి ఆల్బం, 1982లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'నెబ్రాస్కా', 2002లో బ్లాక్ కీస్ బృందం మొదటి ఆల్బం. వీటిలో 'నెబ్రాస్కా' మొదటి ఆల్బమూ కాదు, బృందం చేసినదీ కాదు. అయినా ఇంటి రికార్డింగు గురించి మాట్లాడేవారు దానిని తప్పించుకుపోలేరు. ఈ మూడింటినీ నెల రోజులపాటు విన్నాను. అమెరికాలో ఈ ప్రయోగానికి అర్ధ శతాబ్దపు అనుభవముంది గనుక, మన పిల్లలు చందా డబ్బులు ఖర్చుపెట్టేముందు ఆ అనుభవం ఏమి చెబుతున్నదో చూడడం మంచిది.

ముందుగా యంత్రం సంగతి. ఇనుప ఆక్సైడు పొడి పూసిన సన్నని ప్లాస్టిక్ పట్టీయే టేపు. శబ్దం విద్యుత్తుగా మారి, ఆ పొడిమీద అయస్కాంత ముద్రగా నిలుస్తుంది. టేపు వెడల్పును చాళ్ళుగా విభజించి, ఒక్కొక్క చాలులో ఒక్కొక్క వాద్యాన్ని విడివిడిగా ముద్రించవచ్చు. ఈ చాళ్ళనే ట్రాకులంటారు. ఈవేళ డప్పు, రేపు గిటారు, ఎల్లుండి గొంతు రికార్డు చేసి చివరకు అన్నిటినీ కలపవచ్చు. 1970 దశకంలో పెద్ద స్టూడియోలలో 16, 24 ట్రాకుల యంత్రాలుండేవి. అవి మామూలు సంగీతకారుడు కొనగలిగేవి కావు. స్టూడియోకు గంటల లెక్కన అద్దె. ఆ అద్దెను కంపెనీ ముందుగా పెట్టి, తర్వాత గాయకుడికి రావలసిన రాయల్టీలోంచి మినహాయించుకునేది. ఎరువుల కొట్టువాడు అప్పిచ్చి, పంట కాటా తన దగ్గరే వేయించుకునే పద్ధతి మన రైతులకు కొత్తది కాదు. రికార్డు కంపెనీ వ్యాపారం సరిగ్గా అదే. కొత్త బృందానికి మొదటి ఆల్బం అంటే మొదటి అప్పు.

కనుక రికార్డు చేసే యంత్రం ఇంటికి రావడం చిన్న మార్పు కాదు. 1979లో టాస్కామ్ సంస్థ పోర్టాస్టూడియో 144 అనే యంత్రాన్ని తెచ్చింది. మామూలు కేసెట్టు మీద నాలుగు ట్రాకులు ముద్రించగల మొదటి యంత్రమది. ధర వెయ్యి డాలర్ల పైచిలుకు. కూలివాడికి అందేది కాకపోయినా, జీతగాడు కూడబెట్టి కొనగలిగేది. స్టూడియో యజమాని గుత్తాధిపత్యంలో అక్కడ ఒక పగులు వచ్చింది. దీనిని కాదన్నవారు చరిత్రను కాదన్నట్లే.

ఇక మొదటి ఉదాహరణకు వద్దాం. టామ్ షోల్జ్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మెకానికల్ ఇంజనీరింగు చదివి, పోలరాయిడ్ కెమెరా కంపెనీలో ఉద్యోగం చేసేవాడు. జీతం డబ్బుతో వాటర్‌టౌన్ అనే ఊళ్ళో తానున్న ఇంటి నేలమాళిగలో రికార్డింగు గది ఏర్పాటు చేసుకున్నాడు. ఇల్లు వెచ్చబరిచే కొలిమి పక్కన, చెక్క తాపడం వేసిన ఇరుకు గది. అప్పుడప్పుడు దానిలోకి నీళ్ళు కూడా వచ్చేవి. అక్కడ స్కల్లీ కంపెనీవారి 12 ట్రాకుల టేపు యంత్రం పెట్టాడు. పగలు ఉద్యోగం, రాత్రి నేలమాళిగ. గిటార్లు, బేస్, ఆర్గన్ చాలావరకు తానే వాయించి ఒకదానిమీద ఒకటి పేర్చాడు. గాయకుడు బ్రాడ్ డెల్ప్ అప్పట్లో కాఫీ యంత్రాలకు వేడిచేసే తీగచుట్టలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనివాడు. ఒక ఇంజనీరు, ఒక ఫ్యాక్టరీ పనివాడు తమ స్వంత యంత్రం మీద తయారుచేసిన సంగీతం ఇది. ఇంతకంటె మంచి ఆరంభం ఎక్కడ దొరుకుతుంది?

ఎన్నో కంపెనీలు తిరగగొట్టిన తర్వాత 1975లో సి.బి.ఎస్.కు చెందిన ఎపిక్ సంస్థ వారితో ఒప్పందం చేసుకుంది. ఆరేళ్ళలో పది ఆల్బంలు ఇవ్వాలన్నది షరతు. అంతేకాక, నేలమాళిగలో చేసినదంతా లాస్ ఏంజలిస్‌లోని వృత్తి స్టూడియోలో మళ్ళీ చేయాలన్నది కంపెనీ పట్టుదల. షోల్జ్ ఒప్పుకోలేదు. నిర్మాత జాన్ బాయిలన్ ఒక ఉపాయం పన్నాడు. బృందంలోని మిగిలినవారిని లాస్ ఏంజలిస్‌కు తీసుకుపోయి, కంపెనీ దృష్టిని అక్కడ నిలిపాడు. షోల్జ్ మాత్రం తన నేలమాళిగలోనే కూర్చుని సంగీతం ముగించాడు. చివరకు ఒక రికార్డింగు బండిని తెప్పించి, నేలమాళిగ కిటికీలోంచి తీగలు లాగి, టేపులో ఉన్నదంతా 24 ట్రాకుల యంత్రం మీదికి ఎక్కించారు. గొంతులు, చివరి మిశ్రమం లాస్ ఏంజలిస్‌లో జరిగాయి. 1976 ఆగస్టు 25న విడుదలైన ఆ ఆల్బం ఒక్క అమెరికాలోనే 1 కోటి 70 లక్షల ప్రతుల అమ్మకానికి గుర్తింపు పొందింది.

యువమిత్రులు ఇక్కడ చప్పట్లు కొడతారు. కానీ పాటలు విందాం. ఈ ఆల్బంలో ఒక పాట, ఊళ్ళమ్మట సారా దుకాణాల్లో వాయించుకుంటూ తిరిగే బృందం కథ చెబుతుంది. ఒక రాత్రి పెద్ద చుట్ట కాలుస్తూ పెద్ద కారులో కంపెనీ మనిషి వచ్చి, వీరి వాయింపు మెచ్చి, ఒప్పందం కాగితం చేతిలో పెడతాడు. ఇది పూర్తిగా కల్పన. ఈ బృందం కథ అలా జరగలేదు. నిజంగా జరిగినదేమిటి? ఉద్యోగం చేసుకునే మనిషి రాత్రులు నిద్ర మానుకుని, కొలిమి పక్కన కూర్చుని, కంపెనీ కళ్ళుగప్పి ఒక ఆల్బం చేశాడు. ఆ కథ ఎంత కొత్తది! ఎంత బలమైనది! దానిని ఆయన పాటలోకి రానివ్వలేదు. యంత్రం తనది చేసుకున్నాడు గాని, కథను మాత్రం కంపెనీ దగ్గరనుంచే అరువు తెచ్చుకున్నాడు. చుట్ట తాగే యజమాని దయవల్ల అదృష్టం కలిసి వస్తుందనే పాత కథనే స్వంత టేపు మీద ముద్రించాడు. అట్టమీద బొమ్మ కూడా చూడండి. భూమి పగిలిపోతుంటే గిటారు ఆకారపు అంతరిక్ష నౌకలు ఎగిరిపోతున్నాయి. నీళ్ళు ఊరే నేలమాళిగ జాడ ఎక్కడా లేదు.

ఒక్క పాటలో మాత్రం ఆఫీసు గాలి తగులుతుంది. కంపెనీ నిచ్చెన ఎక్కడానికి ఒకరినొకరు తోసుకునే ఉద్యోగుల గురించిన పాట అది. తాను ఎరిగిన జీవితం గనుక దానిలో నిజముంది. అయితే దానికి ఆయన చూపిన పరిష్కారం ఎవరి మనశ్శాంతి వారు చూసుకోవడం. నిచ్చెన ఎవరు వేశారని అడగడు.

ఇంకొక విషయం కూడా విస్మరించరాదు. సి.బి.ఎస్.కు రికార్డింగు ఇంజనీర్ల యూనియన్‌తో ఒప్పందముండేది. కంపెనీ స్టూడియోలో కాక దగ్గరలో మరెక్కడ రికార్డు చేసినా యూనియన్ ఇంజనీరుకు జీతమిచ్చి పెట్టుకోవాలి. నేలమాళిగ రహస్యం వల్ల కంపెనీ ఒక్కటే మోసపోలేదు. ఇంటి రికార్డింగు స్వేచ్ఛను పొగిడేటప్పుడు, స్టూడియోలో జీతంమీద బతికే కార్మికుడు కూడా ఉన్నాడన్న సంగతి మనం మరచిపోతే ఇక మరచిపోనివారెవరు? షోల్జ్ తర్వాతి కథ కూడా పాఠమే. రెండవ ఆల్బం 1978లో కంపెనీ తొందర మీద వచ్చింది. మూడవదాన్ని ఆయన తన తీరున, తన గదిలో, తన వేగంతో చేయబోతే, ఒప్పందం ఉల్లంఘించాడని కంపెనీ కోర్టుకెక్కింది. అది 1986లో వేరే కంపెనీ ద్వారా గాని వెలుగు చూడలేదు. రికార్డు చేసే యంత్రం ఆయనది. అమ్మే యంత్రాంగం వాళ్ళది.

రెండవ ఉదాహరణ దీనికి తలకిందులు. 1982 నాటికి స్ప్రింగ్‌స్టీన్ పేరుమోసిన గాయకుడు. ఏ స్టూడియోనైనా నెలల తరబడి అద్దెకు తీసుకోగలడు. 1982 జనవరి 3న న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్‌లో అద్దె ఇంటి పడకగదిలో పోర్టాస్టూడియో 144 ముందు కూర్చున్నప్పుడు ఆయన ఉద్దేశం ఆల్బం చేయడం కాదు. బృందానికి నేర్పడానికి చిత్తుప్రతులు తయారుచేసుకోవడం. రెండు మైకులు, ఒక గిటారు, నోటి వాద్యం, నాలుగు ట్రాకులు. మిశ్రమాన్ని నీళ్ళలో పడి పాడైన ఒక పాత పానసోనిక్ టేపు రికార్డరు మీదికి దించారు. ఆ కేసెట్టును పెట్టె కూడా లేకుండా జేబులో వేసుకు తిరిగాడు. తర్వాత బృందంతో స్టూడియోలో ఆ పాటలే చేసి చూస్తే కుదరలేదు. చివరకు ఆ కేసెట్టునే ఎన్నో తంటాలు పడి రికార్డుగా మార్చి 1982 సెప్టెంబరు 30న విడుదల చేశారు.

ఇక్కడ ఇల్లు గాని, యంత్రం గాని గాయకుడికి విముక్తి ఇవ్వలేదు. అది ఆయనకు అవసరమూ లేదు. మరి ఈ ఆల్బం గొప్పదనమెక్కడుంది? ఆయన ఎవరి గొంతు పాడుతున్నాడో అక్కడుంది. న్యూజెర్సీలోని మాహ్వాలో ఫోర్డు కార్ల ఫ్యాక్టరీ 1980లో మూతబడింది. ఒక పాటలో ఆ ఊరి కార్ల ఫ్యాక్టరీ మూతబడి పని పోయినవాడు, అప్పులపాలై, తాగి, ఒక గుమాస్తాను కాల్చి, న్యాయమూర్తి ముందు నిలబడతాడు. మరొక పాటలో పాత కారు కొనడానికి వెళ్ళి సేల్స్‌మన్ ముందు తండ్రి పడే చిన్నతనాన్ని కొడుకు మౌనంగా చూస్తాడు. బడిపంతులుగా నేను ఆ కుర్రవాడిని ఎన్నోసార్లు చూశాను. ఫీజు గడువు అడగడానికి వచ్చిన తండ్రి వెనుక తలవంచుకుని నిలబడేవాడు అతనే. ఆ ఏడాది చివరకు అమెరికాలో నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. రీగన్ ప్రభుత్వం సంపన్నులకు పన్నులు తగ్గిస్తున్న కాలమది. ఆ కాలపు చీకటి ఈ పాటల్లో ఉంది. టేపు చేసే సన్నని బుస, ఖాళీ గదిలో తిరిగే ప్రతిధ్వని, తోడులేని గొంతు, ఇవన్నీ ఆ వస్తువుకు తగిన రూపమయ్యాయి. పని పోయినవాడి వెనుక వాద్యబృందం ఉండదు.

వస్తురూపాల సంబంధం ఎంత బలమైనదో తెలియాలంటే అదే జనవరి టేపులో ఉన్న మరొక పాటను చూడాలి. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చి పని దొరకక తిరిగే సైనికుడి పాట అది. చిత్తుప్రతిలో అది ఏడుపు. ఆ పాటనే పెద్ద డ్రమ్ములతో, పూర్తి బృందంతో 1984లో 'బోర్న్ ఇన్ ది యు.ఎస్.ఎ.'గా విడుదల చేస్తే లక్షలమంది దానిని దేశభక్తి గీతమనుకుని పిడికిళ్ళెత్తారు. ఆ ఏడాది సెప్టెంబరులో ఎన్నికల సభలో రీగన్ సైతం ఈ గాయకుడి పేరు చెప్పుకున్నాడు. మాటలు మారలేదు. ధ్వని మారింది. ధ్వనితోబాటు పాట నిలబడిన వైపు కూడా మారినట్లు వినిపించింది. రూపం గురించి మాట్లాడడం రూపవాదమని భయపడే మిత్రులు ఈ సంఘటనను ఆలోచించాలి.

'నెబ్రాస్కా'కు పరిమితులు లేకపోలేదు. దానిలో యూనియన్ లేదు, సమ్మె లేదు, పక్కవాడి చేయి లేదు. పని పోయినవాడు తుపాకీ పట్టుకుంటాడు గాని, పని పోయిన ఇంకొకడిని కలవడు. ఇది నిరాశావాదమని మనలో కొందరు తీర్పు చెప్పవచ్చు. నేను అంత దూరం పోను. ఓడిపోయిన వర్గం ఓటమిని ఉన్నదున్నట్లు చెప్పడం కూడా ఒక సాక్ష్యమే. చివరి చరణంలో ఎర్రజెండా ఎగరకపోతే పాట అభ్యుదయం కాదనే విమర్శ మనకు చాలా నష్టం చేసింది.

మూడవ ఉదాహరణ ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరంలోనిది. ఒకప్పుడు ప్రపంచ టైర్ల పరిశ్రమకు రాజధాని అది. 1936లో అక్కడి రబ్బరు కార్మికులు ఫ్యాక్టరీలోనే బైఠాయించి సమ్మె చేసి అమెరికా కార్మికోద్యమానికే ఒక కొత్త ఆయుధాన్ని చూపించారు. తర్వాత దశాబ్దాలలో ఆ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఆ నగరంలో డాన్ ఆవర్‌బాక్, పాట్రిక్ కార్నీ అనే ఇద్దరు యువకులు, ఇళ్ళ యజమాని ఒకరి దగ్గర పచ్చిక కోసే పని చేసుకుంటూ, కార్నీ ఇంటి నేలమాళిగలో 2002లో బ్లాక్ కీస్ మొదటి ఆల్బం 'ది బిగ్ కమ్ అప్' రికార్డు చేశారు. మరుసటి ఆల్బంను 1980ల నాటి టాస్కామ్ 388 అనే 8 ట్రాకుల టేపు యంత్రం మీద, అదే నేలమాళిగలో, ఒక్క విడతలో 14 గంటల్లో ముగించారు. 2004 నాటి ఆల్బంను మూతబడిన టైర్ల ఫ్యాక్టరీ భవనంలో రికార్డు చేసి దానికి 'రబ్బర్ ఫ్యాక్టరీ' అని పేరు పెట్టారు.

ఈ సంగీతంలో బిగువుంది. డ్రమ్ము దెబ్బలో, గిటారు బరకతనంలో తొందర, ఆకలి వినిపిస్తాయి. చిన్న గదిలో ఇద్దరే మనుషులు ఎంత శబ్దం చేయగలరో వినిపిస్తుంది. ఇది ఇంటి రికార్డింగు సాధించిన మేలు. అయితే మొదటి ఆల్బంలో జూనియర్ కింబ్రో, ఆర్.ఎల్. బర్న్‌సైడ్ వంటి మిసిసిపీ నల్లజాతి గాయకుల పాటలున్నాయి. ఆ బరక గొంతు పుట్టింది పత్తి చేలల్లో, కౌలు బతుకుల్లో. ఆక్రన్ కుర్రవాళ్ళు దానిని గౌరవంతోనే అందుకున్నారు. కానీ ఆక్రన్ మాటేమిటి? తాము కూర్చుని వాయించిన ఆ ఫ్యాక్టరీలో ఒకప్పుడు పనిచేసినవారు, సమ్మె చేసినవారు, చివరకు పని పోగొట్టుకున్నవారు ఆల్బం పేరుకు పనికివచ్చారు గాని, పాటల్లోకి రాలేదు. ఫ్యాక్టరీ గోడలు ధ్వనికి మాత్రమే ఉపయోగపడ్డాయి. పాత యంత్రపు బరకతనం అనుభవానికి బదులుగా నిలబడడం మొదలయ్యేది ఇక్కడే. మన మిత్రులు జాగ్రత్త పడవలసిన చోటు కూడా ఇదే.

ఎందుకంటే ఈ ఇరవై ఏళ్ళలో ఆ బరకతనమే ఒక సరుకైంది. ఒకప్పుడు స్టూడియోలు వద్దని పారేసిన యంత్రాలను కొత్త బృందాలు చవకగా కొనుక్కున్నాయి. నేడు వాటికోసం సేకరణదారులు పోటీపడుతున్నారు. టేపు ధ్వనిలో 'వెచ్చదన'ముందని వారి మాట. ఆ వెచ్చదనమేమిటో తెలుసుకుంటే భ్రమ తొలగుతుంది. శబ్దం మరీ బలంగా వచ్చినప్పుడు టేపు దానిని పూర్తిగా పట్టలేదు. శిఖరాలు కొద్దిగా అణిగిపోతాయి. పైస్థాయి పదును తగ్గుతుంది. చెవికి అది మెత్తగా తోస్తుంది. అంటే యంత్రపు అశక్తతనే మనం రుచిగా అనుభవిస్తున్నాము. అందులో తప్పులేదు. కుండలో వండిన పప్పుకు రుచి ఉన్నట్లే ఇదీను. అయితే కుండ వాడినవాడల్లా పేదవాడు కాడు. మనుషుల మధ్య సంబంధాన్ని వస్తువు గుణంగా భ్రమించడం గురించి మార్క్స్ హెచ్చరించినది ఇటువంటి చోట పనికివస్తుంది.

టేపు వాడితే ఎవరిమీదా ఆధారపడనక్కరలేదన్న మాట కూడా నిలవదు. 2005 ఆరంభంలో అమెరికాలోని అలబామాలో క్వాంటెజీ కంపెనీ ఫ్యాక్టరీ హఠాత్తుగా మూతబడినప్పుడు స్టూడియోలన్నీ టేపుకోసం వెతుకులాడాయి. కార్మికులు రోడ్డున పడ్డారు. ఇంటి నేలమాళిగ స్వాతంత్ర్యానికి వెనుక ఒక ఫ్యాక్టరీ, ఆ ఫ్యాక్టరీలో మనుషులు ఉంటారు.

ఇంతా చెప్పి, పాత యంత్రం నుంచి నేర్చుకోవలసినది ఏమీ లేదంటే అన్యాయం. ఒకటుంది. అది పరిమితి నేర్పే క్రమశిక్షణ. నాలుగు ట్రాకులు నిండిన తర్వాత ఐదవ వాద్యం కావాలంటే, ఉన్నవాటిలో రెండుమూడింటిని కలిపి ఒకే ట్రాకులోకి దించాలి. దించిన తర్వాత వాటిని మళ్ళీ విడదీయలేము. కనుక ఏది ఉండాలి, ఏది పోవాలి అన్నది అప్పుడే తేల్చుకోవాలి. కంప్యూటరులో ట్రాకులకు లెక్కలేదు. చెరిపినది తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ సౌకర్యం మంచిదే. కానీ నిర్ణయాన్ని రేపటికి వాయిదా వేసే అలవాటు కూడా దానితోనే వస్తుంది.

ఈ సందర్భంలో నా స్వంత అనుభవం ఒకటి చెప్పాలి. 1990లలో మా ఇంట్లో ఒక టూ ఇన్ వన్ ఉండేది. దానిలో రికార్డు చేసే మీట కూడా ఉంది. ఒక వేసవి సెలవుల్లో మా అమ్మమ్మ చేత ఊడ్పుల పాటలు పాడించి ఒక కేసెట్టు నింపాను. మధ్యలో ఆమె దగ్గు, కోడి కూత, పాట మరచిపోయి నవ్వడం అన్నీ పడ్డాయి. తర్వాత ఇంటర్మీడియట్‌లో ఉండగా, కొత్త కేసెట్టుకు డబ్బుల్లేక, అదే కేసెట్టు మీద రేడియోలో వచ్చిన సినిమా పాటలు ఎక్కించుకున్నాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. యంత్రం నాది. కేసెట్టు నాది. ఇల్లు మాది. ఏ కంపెనీ వచ్చి మా అమ్మమ్మ గొంతు చెరిపివేయలేదు. ఆ గొంతుకు విలువ లేదని, రేడియోలో వచ్చినదే పాట అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. తెలుగు ఎం.ఏ.లో జానపద వాఙ్మయం పాఠం వింటున్నప్పుడు గాని నేను చేసిన పని నాకు తెలియలేదు. అప్పటికి అమ్మమ్మ లేదు.

అంచేత యువమిత్రులకు నేను చెప్పదలచుకున్నది ఇది. ఇంట్లో రికార్డు చేయండి. అది మంచి నిర్ణయం. అప్పు లేదు, గంటల లెక్క లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. పాత టేపు యంత్రం ఎవరైనా ఉచితంగా ఇస్తే దానిమీదనే చేయండి. కానీ చందా డబ్బులన్నీ దానికోసం ధారపోయకండి. మీ దగ్గరున్న కంప్యూటరులోనే నాలుగు ట్రాకులకు మించి వాడమని గీత గీసుకుంటే ఆ క్రమశిక్షణ మీకు దక్కుతుంది. మిగిలిన డబ్బు మంచి మైకులకు, ఊళ్ళు తిరగడానికి ఖర్చుపెట్టండి. తిరగడమెందుకంటే, నేడు పాటను జనంలోకి చేర్చే ఇంటర్నెట్ వేదికలు కూడా కంపెనీలవే. షోల్జ్ గదికి, సి.బి.ఎస్. దుకాణానికి మధ్య ఉన్న దూరం ఇంకా పూడలేదు. మన ప్రజాకళా బృందాల పాటలు ఒకప్పుడు చేతినుంచి చేతికి కేసెట్లుగా మారి ఊరూరా తిరిగాయంటే, ఆ పాటలను ముందు ఊళ్ళలో మనుషుల మధ్య పాడారు గనుకనే తిరిగాయి.

ఇక చివరిది, అసలైనది. మీ ఎనిమిది పాటలూ నేను చదివాను. వాటిలో ఐదు ఎక్కడైనా వినగలిగినవే. ఒకటి మాత్రం మన ఊరి చివర మూతబడిన నూలు మిల్లు గురించినది. అది రాసిన కుర్రవాడి తండ్రి ఆ మిల్లులో పనిచేశాడు. అందులో మూడవ షిఫ్టు మనిషి పగలు నిద్రపోవడానికి కిటికీకి దుప్పటి కట్టే మాట ఉంది. ఆ మాట మరెవరూ రాయలేరు. సమావేశంలో మీరు ఆ పాటను 'రికార్డింగుకు అంతగా కుదరదు' అని చివరకు నెట్టారు. దానిని మొదట పెట్టండి. ఆ తండ్రిని పిలిచి ముందు ఆయనకు వినిపించండి. ఆయన ఏమంటాడో విన్న తర్వాత, ఏ యంత్రం మీద రికార్డు చేయాలో మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందాం.